న్యూటౌన్‌లో తిండి, మా మామ తీర్పులు

మా పాప ఎక్కడికైనా తినడానికి పోదామంటే ముందు ఫోన్ తీసి ఎన్ని స్టార్లున్నాయో చూస్తుంది. నేను మా మేనమామకు ఫోన్ చేస్తాను. ఆయనకు డెబ్బై దాటాయి, షుగర్ ఉంది, పనేమీ లేకపోతే రాత్రి ఎనిమిదికల్లా పడుకుంటాడు. అయినా పాలమూరులో, అంటే మహబూబ్‌నగర్‌లో, ఏ గల్లీలో ఏ హోటల్ తెరిచారు, మాస్టర్ ఎక్కడివాడు, పాత మాస్టర్ ఎందుకు పోయాడు, అన్నీ ఆయనకు తెలుసు. క్లీనర్‌గా మొదలై దోసె మాస్టర్ దాకా ఎదిగి, బతుకంతా హోటళ్లలోనే గడిపినవాడు మరి. నేను హోటల్ అనేదాన్ని మొదటిసారి చూసింది కూడా ఆయన చెయ్యి పట్టుకునే.

సాయంత్రం ఏడు దాటిందంటే ఇప్పుడు పాలమూరు న్యూటౌన్‌లో బండి పెట్టడానికి జాగా ఉండదు. ఆసుపత్రుల ముందు ఆటోలు, వాటి పక్కనే మండీ హోటల్ బోర్డు, దాని పైన కేఫ్, ఇంకా పైన మేడ మీద లైట్ల తోరణాలు కట్టి రూఫ్‌టాప్ అంటారు. మెట్టుగడ్డ దాకా కొంచెం అటూ ఇటూగా ఇదే వరస. "మీ మహబూబ్‌నగర్‌లో తినడానికి ఏముంటుంది?" అని హైదరాబాద్ చుట్టాలు మూతి విరిచే రోజులు పోయాయి. వాళ్లే ఇప్పుడు పిల్లలమర్రి చూసే వంకతో వచ్చి, చెట్టు దగ్గర పావుగంట ఉండి, తిండి దగ్గర రెండు గంటలు కూర్చుంటున్నారు. చెదలు పట్టిందని 2018లో ఆ మర్రికి సెలైన్ బాటిళ్లతో మందు ఎక్కించారు, గుర్తుందా? ఆ ఫొటోలు దేశమంతా తిరిగినప్పటి నుంచి చూడడానికి వచ్చేవాళ్లు పెరిగారని మామ అంటాడు. అది నిజమో కాదో గానీ, మాట ఆయనది.

దేవరకద్ర దగ్గర మా ఊరు. 1980ల మొదట్లో మా ఇంట్లో పొద్దున జొన్న రొట్టె, రాత్రి జొన్న గట్క. వరి బువ్వ పండుగ నాడో, చుట్టం వచ్చిన నాడో. అప్పట్లో మాకు పాలమూరు అంటే పట్నమే. చిన్న లైను రైలెక్కి పోవడమే ఒక సంబరం. బస్టాండ్ దగ్గర ఒక ఉడిపి హోటల్లో మామ పని చేసేవాడు. సెలవుల్లో అమ్మ నన్ను ఆయనతో పంపేది.

ముందు గుమ్మం నుంచి పోయి బల్ల దగ్గర కూర్చునే భాగ్యం నాకు ఉండేది కాదు. పనోళ్ల చుట్టాలు వెనక తలుపు నుంచే రావాలి. కాని ఆ వెనక తలుపు వల్లే నేను వంటిల్లు చూశాను. నా ఎత్తు పిండి గిన్నెలు, గోడకు ఆనించిన కట్టెలు, మసి పట్టిన పైకప్పు. మధ్యలో మంచం అంత పెనం. మాస్టర్ దాని మీద చేత్తో నీళ్లు చల్లితే సుర్రుమనేది. వెంటనే కొబ్బరి ఈనెల చీపురుతో ఒక్క ఊపున తుడిచేవాడు. ఆ చీపురు ఇల్లు ఊడ్చేది కాదు, పెనానికే వేరుగా కట్టింది. సగం కోసిన ఉల్లిగడ్డను నూనెలో ముంచి పెనమంతా రుద్దేవాడు. అప్పుడు గరిటెడు పిండి పోసి, గిన్నె అడుగుతో లోపలి నుంచి బయటికి తిప్పేవాడు. ఒకటి, పక్కన ఇంకొకటి, ఇంకొకటి. మొదటి వరస పూర్తయ్యేసరికి మొదటి దోసె అంచు లేచి ఉండేది. పెనం ఎక్కువ కాలితే పిండి గరిటెకే చుట్టుకుంటుంది, తక్కువ కాలితే దోసె లేవదు. నీళ్లు చల్లేది చూపులకు కాదురా, పెనం వేడిని కొలిచేది గట్లనే అని మామ నాకు అప్పుడే చెప్పాడు.

నేను మొదటి దోసె ఆ వంటింట్లో పీట మీద కూర్చుని తిన్నాను. ఇంటికి పోయి గొప్పగా చెబితే అమ్మ, "కాయితమంత పల్చగుంటది, దానితోని ఏం కడుపు నిండుతది?" అంది. నాకు మాత్రం రోజుల తరబడి చేతి వాసన పోలేదు. పోనివ్వలేదు అనాలి.

ముందు హాల్లో గల్లా మీద సేఠు, ఆయన వెనక దేవుడి పటాలకు ఎర్ర బల్బు. గోడల మీద బోర్డులు. 'అప్పు రేపు', 'ప్లేటులో చేతులు కడగరాదు', 'రాజకీయాలు మాట్లాడరాదు'. రాజకీయాలు మాట్లాడని బల్ల ఒక్కటి ఉండేది కాదు. సర్వర్ నాలుగు ప్లేట్లు ఒకే చేతి మీద నిలబెట్టి, వచ్చే దారిలోనే ఇంకో బల్ల ఆర్డర్ వంటింట్లోకి అరిచేవాడు. కాగితం లేదు, పెన్ను లేదు. లేచి పోయేటప్పుడు గల్లా వైపు "మూడు రూపాయల పదిపైసలు" అని ఒక్క కేక. ఆ లెక్క ఎన్నడూ తప్పేది కాదని మామ ఇప్పటికీ మీసం తిప్పుతాడు.

అటు క్లాక్ టవర్ వైపు పోతే వేరే లోకం. ఇరానీ హోటళ్లు. పాలరాతి బల్లలు, సాసర్‌లో పోసుకుని ఊదుకుంటూ తాగే చాయ్, గాజు బీరువాలో ఉస్మానియా బిస్కెట్లు, ఖీమా కూరి వేయించిన లుక్మీలు. ఉడిపి హోటల్లో తిని లేవాలి, ఇరానీలో కూర్చోవడానికే పోవాలి. వన్ బై టూ చాయ్ చెప్పి గంటసేపు కూర్చున్నా లేవమనరు. సెకండ్ షో వదిలాక అశోక్ టాకీస్ చౌరస్తా నుంచి జనం చాయ్ కోసం నడుచుకుంటూ పోయేవారు. హలీం మాకు మొదట అటు నుంచే తెలిసింది. గోధుమలు, మాంసం, నెయ్యి కలిపి పెద్ద కర్రలతో గంటల తరబడి దంచుతుంటే రంజాన్ నెలలో ఆ రోడ్డు రోడ్డంతా ఘుమఘుమలే. 2010లో హైదరాబాద్ హలీంకు జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చాక మా పాలమూరులో కూడా ప్రతి బట్టీ ముందు హైదరాబాదీ అని పేరు వెలిసింది. అంతకు ముందు అది ఒట్టి హలీమే, రుచి మాత్రం తక్కువేమీ కాదు.

జొన్న రొట్టె సంగతికి వస్తాను. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యం పెట్టింది. మా ఊళ్లో ఒక్క ఏడాదిలో కాకపోయినా, నెమ్మదిగా పొయ్యి మీద రొట్టె పెంక దిగి బియ్యం గిన్నె ఎక్కింది. జొన్నలు దంచాలి, విసరాలి, పిండి తాజాగా ఉండాలి, ఒక్కొక్క రొట్టె చేత్తో చేయాలి. కూలికి పోయి వచ్చిన ఆడమనిషికి గంట పని. అన్నమైతే గిన్నెలో పడేస్తే అదే ఉడుకుతుంది. బియ్యం వచ్చిందని అమ్మ సంతోషించిందే గాని రొట్టె పోయిందని ఏనాడూ బాధపడలేదు. నేను పాలమూరు హాస్టల్‌కు చేరేసరికి రొట్టె మూట తెచ్చినవాడిని ఊరోడు అని ఏడిపించేవారు. సద్ది విప్పకుండానే దాచి, రాత్రి లైటు తీసేశాక వెల్లుల్లి కారంతో తిన్న పిల్లలను నేనెరుగుదును. మాకు అప్పట్లో గొప్ప తిండి అంటే పూరీ. ఆదివారం చేతిలో డబ్బుంటే పూరీ, బొంబాయి చట్నీ.

ఆ రోజుల్లోనే మామ బొంబాయి పోయాడు. పాలమూరు లేబర్ అని దేశమంతా పేరున్న కాలం. కరువుకు ఊళ్లకు ఊళ్లు బొంబాయి బస్సెక్కేవి. అందరూ తట్ట, పార పనికి పోతే మామ అక్కడ కూడా హోటల్లోనే కుదురుకున్నాడు. మట్టి పనికంటే పెనం ముందు ఉక్కపోతే నయమనేవాడు. 90లలో తిరిగి వచ్చేసరికి మా పట్నంలో ఫ్యాషన్ మారింది. ఏసీ ఫ్యామిలీ రెస్టారెంట్లు వచ్చాయి.

వాటిని చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు, చూడని పిల్లల కోసం చెబుతున్నాను. లోపల మధ్యాహ్నం కూడా చీకటే. ప్లైవుడ్ అడ్డంపెట్టి గదులు, గదికి ముదురు ఆకుపచ్చ పరదా, లోపల పిలవడానికి బెల్లు. మూలన చేపల తొట్టి. నాప్‌కిన్ గ్లాసులో పువ్వులా మడిచి పెట్టేవారు. ముందు సూప్, తర్వాత చికెన్ 65, బటర్ నాన్, చివర వేడినీళ్లలో నిమ్మచెక్క వేసిన గిన్నె. ఆ నిమ్మచెక్క నీళ్లను తాగేవాటిగా అనుకున్నవాళ్ల కథలు ప్రతి ఇంట్లో ఒకటుంటాయి. కొత్తగా పెళ్లైనవాళ్లు, పెళ్లి చూపులవాళ్లు, ప్రమోషన్ వచ్చిన టీచర్లు, వీళ్లతోనే నిండేవి ఆ పరదాల గదులు. బిల్లు సోంపు కింద దాచి తెచ్చేవారు, చూసి గుండె ఆగకుండా.

నా పెళ్లైన కొత్తలో మా ఇద్దరినీ మామే ఒకదానికి తీసుకుపోయాడు. కూర్చుని అటూ ఇటూ చూసి, "అల్లుడా, తిండి చీకట్ల పెట్టేటోడు ఏదో దాస్తుండు" అన్నాడు. మా ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆయన లేచి చేతులు కడుక్కునే వంకతో వంటింటి వైపు పోయి వచ్చి, "నాన్ తిను, గ్రేవీ వద్దు. అన్నింటికీ ఒకటే గ్రేవీ, పేర్లే వేరు" అని గుసగుసగా చెప్పాడు. ఈ మాట ఇవాళ్టికీ సగం రెస్టారెంట్లకు సరిపోతుంది. మెనూలో పన్నెండు పనీర్ కూరలుంటాయి, గిన్నెలో ఒకటే ఎర్ర రసం.

ఆ తర్వాత వచ్చినవి వేగంగా వచ్చాయి. కర్రీ పాయింట్లు, చైనీస్ బండ్లు, పిజ్జాలు, కుండ బిర్యానీ, బకెట్ బిర్యానీ. వాటి గురించి చెప్పడానికి పెద్దగా లేదు, వచ్చాయి, సగం పోయాయి. నిలబడింది మండీ.

మండీ యెమెన్ వంట. నిజాం కొలువులో సైనికులుగా వచ్చిన అరబ్బుల వారసులు ఉండే హైదరాబాద్ బార్కస్‌లో అది ఎప్పటినుంచో ఉంది. అక్కడి నుంచి ఈ పదిహేనేళ్లలో జిల్లాలన్నీ తిరిగి మా న్యూటౌన్‌కు వచ్చింది. కింద పరుపులు, మధ్యలో పెద్ద పళ్లెం, నలుగురూ చుట్టూ కూర్చుని ఒకే పళ్లెంలో తినడం. చిన్నప్పుడు మా ఇంట్లో పిల్లలందరినీ ఒకే తాంబాళం చుట్టూ కూర్చోబెట్టి పెట్టేవారు గనుక నాకు కొత్తేమీ అనిపించలేదు. మా పాప స్నేహితులకు మాత్రం అదే ఆకర్షణ. అసలు పద్ధతిలో భూమిలోకి దించిన పొయ్యిలో అడుగున బియ్యం, పైన మాంసం పెట్టి మూత బిగిస్తారు. మాంసం నుంచి కారే కొవ్వు, రసం అన్నంలోకి దిగుతాయి, రుచంతా అక్కడిదే. ఇప్పుడు చాలాచోట్ల అన్నం వేరుగా వండి, పైన కోడి ముక్క నూనెలో వేయించి పెట్టి మండీ అంటున్నారు. మామ దగ్గర దీనికో పరీక్ష ఉంది. ముక్క ముట్టకుండా, పళ్లెం మధ్యలో ముక్క కింద ఉన్న అన్నం ఒక ముద్ద, అంచున ఉన్న అన్నం ఒక ముద్ద తినాలి. రెండూ ఒకేలా ఉంటే మాంసానికి, అన్నానికి పరిచయం లేనట్టే. న్యూటౌన్‌లో ఈ పరీక్ష గట్టెక్కినది ఉంది. మటన్ మండీ మధ్యాహ్నమే అయిపోతుంది, రాత్రి పోతే చికెనే మిగులుతుంది. నా దృష్టిలో అది కూడా మంచి గుర్తే.

మండీతో ఇచ్చే తెల్లటి మయొనైజ్ మీద మామకు మొదటి నుంచీ అనుమానమే. "పచ్చి గుడ్డు, నూనె. పొద్దున కలిపింది రాత్రి దాకా బయటుంటే ఏమైతదో హోటల్లో పని చేసినోనికి తెలుసు" అనేవాడు. పిల్లలు నవ్వేవారు. 2024 అక్టోబర్ చివర్లో తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్డు మయొనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించినప్పుడు ఆయన పేపర్ కటింగ్ ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. కింద ఒక్క మాట రాయలేదు. అంతకంటే గర్వం ఇంకెలా చూపిస్తారు!

ఇక అసలు విచిత్రం. చీకటి పడుతుంటే ఇప్పుడు రోడ్డు పక్కన వరుసగా ఆడవాళ్లు పొయ్యిలు పెట్టుకుని కూర్చుంటారు. అమ్మేది జొన్న రొట్టెలు. కార్లు ఆపి నిలబడి కొనేవాళ్లలో సగం మంది షుగరు ఉన్నవాళ్లు, మిగతావాళ్లు షుగరు వస్తుందని భయపడేవాళ్లు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరం అన్నాక రెస్టారెంట్లు కూడా అందుకున్నాయి. పల్లె వాతావరణం పేరుతో నులక మంచాలు, గోడకు ఎడ్లబండి చక్రం, కంచు చెంబు, మెనూలో జొన్న రొట్టె నాటుకోడి. దాని రేటు చూస్తే మా హాస్టల్ నెల ఖర్చు గుర్తొచ్చింది.

మొన్న దసరాకు మామను అట్లాంటి దానికే తీసుకుపోయాం. ఆయన ముందు గోడకున్న చక్రం చూశాడు. "కమ్మీ ఊడింది. బాగు చేయించక అమ్మినట్టుండ్రు" అన్నాడు. రొట్టె వచ్చింది. గుండ్రంగా, అంచు ఎక్కడా చిట్లకుండా, మెత్తగా. మా పాప ఎంత బాగుందో అంది. మామ రొట్టెను మధ్యకు మడిచాడు. విరగలేదు. "గోధుమ పిండి కలిపిండ్రు" అని పక్కన పెట్టాడు.

జొన్న పిండికి గోధుమకున్న సాగుడు ఉండదు. చల్లనీళ్లతో కలిపితే అసలు అతుక్కోదు. మరిగే నీళ్లు పోసి, చెయ్యి కాలుతుండగానే మర్దించాలి. అప్పుడే పిండి మాట వింటుంది. పీట మీద పొడిపిండి చల్లి, ముద్దను అరచేత్తో తడుతూ తిప్పాలి, కర్రతో ఒత్తితే పగిలేదే ఎక్కువ. పెంక మీద వేశాక పైవైపు తడిగుడ్డతో నీళ్లు అద్దాలి, ఆ తడి ఆరుతుండగా తిప్పాలి. చివరకు మంట మీద చూపిస్తే పొంగుతుంది. మామూలుగా అంచులు కాస్త చిట్లే ఉంటాయి, చల్లారాక మడిస్తే విరుగుతుంది. అంచు చిట్లకుండా, మడిచినా విరగకుండా వచ్చిందంటే అందులో జొన్న తక్కువేమో అని అనుమానించాలి. ఇది అమ్మకు తెలుసు, రోడ్డు పక్కన కూర్చున్న ఆమెకు తెలుసు, ఏసీ హాల్లో ఆర్డర్ రాసుకునే కుర్రాడికి తెలియదు. ఆ కుర్రాడిని అని లాభం లేదు, వాడు పుట్టేనాటికి ఇళ్లలో రొట్టె లేదు.

కోడికూర మాత్రం బాగుంది, అది ఒప్పుకోవాలి. నువ్వులు, ఎండు కొబ్బరి వేయించి నూరి వేశారు, పైన నూనె తేలింది. మామ నాలుగు ముద్దలకు ఇంకా రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు. తర్వాత వెయిటర్‌ను పిలిచి, "బిడ్డా, కూర వండినామెను పిలువు" అన్నాడు. వండినామె అని ఎలా తెలిసిందో నాకు అర్థం కాలేదు. నిజంగానే తలకు గుడ్డ కట్టుకున్న ఒక నడివయసు ఆవిడ భయంభయంగా బయటికి వచ్చింది, ఏదో ఫిర్యాదు అనుకుని. మక్తల్ వైపు ఊరట. "రొట్టె నువ్వు చేయలేదు గదా?" అని అడిగాడు. "లేదు తాతా, రొట్టెలు వేరేవాళ్లు పొద్దుననే చేసి పెడతరు, మేము వేడి చేస్తం" అంది. "గా రొట్టెల పని నీకే ఇయ్యమని సేఠుకు చెప్పు" అన్నాడు. ఆమె నవ్వి లోపలికి పోయింది.

నన్ను అడిగితే న్యూటౌన్‌కు వచ్చేవాళ్లు లైట్లు ఎక్కువున్న మేడ మీదికి చివరగా పోవాలి. మధ్యాహ్నం అయితే మటన్ మండీ. సాయంత్రం కాస్త నడిచి క్లాక్ టవర్ వైపు చాయ్, అక్కడ ఇంకా మిగిలిన పాత బల్ల దగ్గర. కాల్చిన మట్టి కప్పులో పొగలు కక్కే తందూరీ చాయ్ కూడా దొరుకుతుంది, అది ఫొటోకు పనికొస్తుంది. రాత్రికి రోడ్డు పక్కన రొట్టెలు కట్టించుకుని, కూర మాత్రం ఆ నులక మంచాల హోటల్ నుంచి పార్శిల్. ఇది మా ఇంటి పద్ధతి, మామ కుదిర్చింది. పొద్దున దొరికితే ఉగ్గాని బజ్జీ. గద్వాల వైపు నుంచి వచ్చినవాళ్లు పెట్టిన బండి దగ్గరే తినాలి, బొరుగులు నానిన లెక్క వాళ్లకే తెలుసు. దోసె సంగతి అడగకండి, ఆ విషయంలో మా మామ పాలమూరులో ఎవరినీ పాస్ చేయలేదు.

ఈ నెలలో మెట్టుగడ్డ దగ్గర ఇంకోటి తెరుస్తున్నారు. మొదటి వారం సగం ధరకే అని ఫ్లెక్సీలు కట్టారు. మా పాప అప్పుడే లిస్టులో రాసుకుంది. మామకు ఫోన్ చేస్తే, "మొదటి వారం ఓనర్ చుట్టాలు తింటరు, రెండో నెల మాస్టర్ జీతానికి కొట్లాడి పోతడు. మూడో నెల యాదిచెయ్యి" అని పెట్టేశాడు.